జాబితాకెక్కని కోడ్

పుణె,
గురువారం.

అక్కలాంటి మృణాల్ తాయీకి,

మీరు రాజీనామా ఇచ్చి వెళ్లినప్పటి నుంచి నాకు కుదురు లేదు. తప్పు మీది కాదు, నాది.

మన ఆఫీసులో కోడ్ దాచుకునే రిపోజిటరీల పేర్లను ఏఐ ఏజెంట్లకు చూపించే టూల్‌కు డాక్యుమెంటేషన్ రాసింది నేనే. అది ఒకసారికి వంద పేర్లే ఇస్తుంది, మిగతావి మళ్లీ అడగాలి. నేను హడావుడిలో "అన్నీ ఇస్తుంది" అని రాశాను. సర్వర్ శుభ్రం చేస్తున్న ఏజెంటు ఆ మాట నమ్మి, సర్వర్‌లో ఉండి ఆ జాబితాలో కనబడనివన్నీ అక్కర్లేనివనుకుని చెరిపేసింది. చూపులేని పిల్లలకు పాఠాలు చదివి వినిపించడానికి మీరు నాలుగేళ్లు రాసిన కోడ్, మొదటి వందలో లేనందుకు, అలా పోయింది. "సరిగ్గా నమోదు చేసుకోవద్దా?" అని మన మేనేజర్ దేవధర్ సార్ మిమ్మల్ని అందరిలో కసిరినప్పుడు నేను తల వంచుకుని కూర్చున్నాను.

నిన్న ఆయనకు చెప్పేశాను.

"డాక్యుమెంటేషన్ ఎవరు చదువుతారమ్మా?" అని నవ్వారు.

"మనుషులు చదవరు సార్. ఏజెంట్లు మాత్రం అక్షరం వదలకుండా చదువుతాయి" అన్నాను. ఆయన నవ్వు ఆగిపోయింది.

ఆ వాక్యం సరిదిద్ది, తప్పు నాదేనని అందరికీ మెయిల్ పెట్టాను. ఆ పిల్లల బడిలో టీచరు సులభాబాయి దగ్గర మీ కోడ్ నిరుటి ప్రతి దొరికింది. ఆ తర్వాత మీరు చేర్చినవి మీకొక్కరికే తెలుసు. నన్ను తిట్టడానికైనా ఒకసారి రండి తాయీ.

మీ పక్క సీటు అమ్మాయి