కీబోర్డు పక్కన ఆంజనేయస్వామి

శనివారం, రాత్రి

నిద్రపోయిన ల్యాప్‌టాప్ ఇంట్లో లేవక, రెండు వారాలుగా ఆన్‌లైన్ పారాయణానికి కూర్చోలేకపోయాను. షాపుకు తీసుకుపోతే మాత్రం బాగానే లేచేది. ఈరోజు మెకానిక్ బాషా ఇంటికే వచ్చాడు. స్వామి తోడుగా ఉంటాడని ఈమధ్య కీబోర్డు పక్కన నేను పెట్టుకుంటున్న చిన్న ఆంజనేయస్వామి బొమ్మను చూసి నవ్వాడు.

"దీంట్లో అయస్కాంతం ఉండాదమ్మా. ఇది దగ్గరుంటే, మూత వేసినారనుకొని ల్యాప్‌టాప్ పండుకుంటాది. షాపుకు తెచ్చినప్పుడు ఇది లేదే?"

"స్వామిని సంచిలో ఏసుకొని తిరుగుతారా అప్పా?"

బొమ్మను గూట్లో పెట్టగానే ల్యాప్‌టాప్ లేచింది. సాయంత్రం పారాయణంలో అందరి ముఖాలూ కనిపించాయి. నా వంతు శ్లోకాలు ఇంకొకరు చదివారు. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని ఎవరైనా అడుగుతారేమోనని చివరిదాకా కూర్చున్నాను. అడగలేదు.

మూత వేసి, స్వామిని మళ్లీ తెచ్చి దాని పక్కనే పెట్టుకున్నాను.