చిన్న సైజు పాదాలు

మార్చి 3

ఇవాళ కొత్త అచ్చులు వచ్చాయి. చెక్కపెట్టె విప్పగానే ప్యాకింగ్ అక్క నవ్వింది, ఇక బొమ్మలు చేసుకు బతకమంటున్నారా అని. నేనూ నవ్వాను. తర్వాత ఒక అచ్చు చేతిలోకి తీసుకుని చూశాను. మా పాప చెప్పు అందులో సరిగ్గా పడుతుంది.

మేం చేసేవి కృత్రిమ పాదాలు. రబ్బరు పోసి ఆరబెట్టాక అంచులు బ్లేడుతో చెక్కి, వేళ్ళ మధ్య గీతలు దిద్దడం నా పని. షుగరు ముదిరినవాళ్ళు, బండి మీంచి పడ్డవాళ్ళు, మా పాదాలు పెట్టుకునేది వీళ్ళే. పిల్లల పాదం ఎప్పుడో ఒకటి చేసేవాళ్ళం, అదీ కొలతలు పంపిస్తే. ఇప్పుడు రెండు లైన్లు పూర్తిగా చిన్న సైజులకేనట.

ఎవరికని మేనేజర్ని అడిగాను. సముద్రం అవతలి దేశమొకటి చెప్పాడు. అక్కడ యుద్ధమేమీ లేదు కదండీ అన్నాను. యుద్ధం సంగతి మనకెందుకమ్మా, ఆర్డర్ వచ్చింది, చేస్తున్నాం అన్నాడు.

నేను యుద్ధం మాట ఎందుకెత్తానో నాకే తెలియదు.

మార్చి 5

భోజనాల దగ్గర చెప్పాను. మా ఆయన సిటీ బస్సు నడుపుతాడు, దేన్నీ మనసులో పెట్టుకోడు. అక్కడేదో పిల్లల జబ్బు వచ్చి ఉంటుందిలే అన్నాడు. ఒక్క కాలే తినేసే జబ్బేమిటని అడిగాను. పులుసు కలుపుకున్నాడు. తమ్ముడు కూడా ఉన్నాడు. మిల్లు మూతపడ్డప్పటినుంచీ వాడు రాత్రి భోజనానికి మా ఇంటికే వస్తున్నాడు. తలెత్తకుండా తిన్నాడు.

మార్చి 11

కెప్టెన్‌ని కదిపాను. అందరూ అలా పిలుస్తారు కానీ ఆయన అసలు కెప్టెన్ కాదు, ఒకప్పుడు సైన్యంలో మామూలు సిపాయి. ఎడమకాలు అక్కడే పోయింది. మా ఫ్యాక్టరీ కొత్తగా ఏ కాలు చేసినా ముందు తొడుక్కుని నడిచి చూసేది ఆయనే.

చిన్న పాదాన్ని అరచేతిలో పెట్టుకుని తిరగేసి చూశాడు. నేలలో పాతింది పేలితే పెద్దవాళ్ళకి కాలు పోతుంది, పిల్లలు దక్కడమే కష్టం అన్నాడు. దక్కినవాళ్ళకి ఇవి కావాలి అన్నాడు. వెంటనే టీ తాగుదాం పదమన్నాడు. దారిలో, ఈ విషయం నలుగురి దగ్గరా అనకమ్మా అన్నాడు. నా మీద ప్రేమతో అన్నాడో, బెదిరించాడో తేల్చుకోలేకపోతున్నాను.

మార్చి 12

మేనేజరు పిలిచాడు. తలుపు వేయించి, కూర్చోమన్నాడు. ఇన్నేళ్ళలో ఆ గదిలో నాకు కుర్చీ చూపించడం ఇదే మొదలు. నువ్వు మంచి పనిమంతురాలివి, అనవసరమైన అనుమానాలు పెట్టుకోకు అన్నాడు. జబ్బు ఒక్క కాలే తింటుందా అని అడిగావట కదా అని నవ్వాడు.

ఆ మాట ఫ్యాక్టరీలో ఎవరి దగ్గరా అనలేదు. ఇంట్లో అన్నాను.

మార్చి 13

మా ఆయన్ని నిలదీశాను. మీ మేనేజరు మొహం కూడా నేనెరగను అన్నాడు. నమ్మాను. నమ్మాక ఇంకా భయమేసింది.

మార్చి 20

తమ్ముడికి ఉద్యోగం వచ్చింది. సెక్యూరిటీ గార్డు. ఆ దేశంలోనే, రాగి గనిలో. కొత్త యూనిఫాం వేసుకుని వచ్చి చూపించాడు. జేబు మీద ఉన్న గుర్తు నా ఏప్రన్ మీద ఉన్న గుర్తే. ఆ మధ్య మా ఫ్యాక్టరీని కొన్న కంపెనీకి గనులున్నాయని ఈ రోజే తెలిసింది.

అందరికీ స్వీట్లు పంచాడు. నాకిచ్చేటప్పుడు మాత్రం పాపతో మాట్లాడుతున్నట్టు అటు తిరిగాడు.

మార్చి 21

వాడే.

ఏప్రిల్ 2

వాణ్ణి సాగనంపి వచ్చాం. ఎయిర్‌పోర్టులో ఏదో చెప్పబోయి ఆగాడు. నేనూ అడగలేదు. కాలర్ మడత సరిచేసి, వేళకి తినరా అన్నాను. గొంతు పట్టుకుని అడుగుదామని వెళ్ళినదాన్ని.

మే 9

యుద్ధం మొదలైంది.

క్యాంటీన్ టీవీలో చూశాం. గని మాది అని అక్కడివాళ్ళు ఎదురు తిరిగారట. వాళ్ళ ప్రభుత్వం సైన్యాన్ని దింపింది. పెట్టుబడులకి రక్షణ కావాలని మరో పెద్ద దేశం విమానాలు పంపింది. ఇస్త్రీ చేసిన కోటు వేసుకున్న ఒకాయన, ఇలా జరుగుతుందని ఎవరూ ఊహించలేదని చెప్తున్నాడు. క్యాంటీన్‌లో యుద్ధం మాట ముందే ఎత్తినదాన్నని అందరూ తిరిగి నన్ను చూశారు. పక్కన గోడౌన్‌లో మా పెట్టెలు పైకప్పు దాకా ఉన్నాయి.

మే 10

ఓవర్‌టైమ్ నోటీసు పెట్టారు. తమ్ముడి ఫోన్ కలవడం లేదు.

మే 30, ఉదయం

ఇన్నాళ్ళకి వీడియో కాల్ చేశాడు. బతికే ఉన్నాడు. మొహం పీక్కుపోయింది.

మీరేం భయపడొద్దు, గని దగ్గర ఒక్క తూటా కూడా పేలలేదన్నాడు. కొట్టుకోవడమంతా కొండ అవతలేనట. రాగి లారీలు ఒక్క రోజు కూడా ఆగలేదట. లారీ వస్తుంటే సైన్యం గేటెత్తుతుంది, ఆ తర్వాత తిరుగుబాటువాళ్ళూ గేటెత్తుతారు. అదెలారా అన్నాను. ఇద్దరికీ అందాల్సింది ఇక్కణ్ణుంచే అందుతుంది అన్నాడు. అదేదో కరెంటు కోత సంగతి చెప్పినట్టు చెప్పాడు.

తర్వాత గని కంచె సంగతి వచ్చింది. కంచెకి అవతలంతా పొలాలు. ఊళ్ళు ఖాళీ చేయించారు. కానీ జనం పంట కోసుకోవడానికి మళ్ళీ మళ్ళీ వస్తున్నారు. రాకుండా ఉండాలని, యుద్ధానికి ముందే ఆ పొలాల్లో మందుపాతరలు పెట్టించింది కంపెనీ. పెట్టెలు మోసినవాళ్ళలో వాడూ ఉన్నాడు. హెచ్చరిక బోర్డులు కూడా వీళ్ళే పాతారు. అంతవరకూ గడగడా చెప్పి ఆగిపోయాడు.

“అక్కా, చదవడం రాని పిల్లలు బోర్డు చూసి ఏం చేస్తారు?”

మళ్ళీ వాడే అడిగాడు.

“మీ దగ్గర ఆ చిన్న సైజులు ఎప్పుడు మొదలెట్టారు?”

“నువ్వు వెళ్ళకముందే.”

“నేను పెట్టెలు మొయ్యకముందా?”

“నీకసలు ఉద్యోగం రాకముందేరా.”

ఫోన్ పక్కన పడేశాడు. కాల్ మాత్రం కట్ కాలేదు. చాలాసేపు రేకుల పైకప్పు ఒక్కటే కనిపించింది. వాడి ఊపిరి వినిపించింది.

జూన్ 2

క్యాంటీన్‌లో లేచి నిలబడి మొత్తం చెప్పేశాను. తమ్ముడి పేరు దాచాను కానీ అందరికీ అర్థమైంది. ప్యాకింగ్ అక్క చేతి గ్లౌజులు తీసి బల్ల మీద పెట్టింది. ఒకరి తర్వాత ఒకరు తీశారు. లైను ఆగింది. అంత నిశ్శబ్దంగా ఆ షెడ్డుని ఎప్పుడూ చూడలేదు. ఏదో గర్వంగా అనిపించింది.

మేనేజరు పోలీసుల్ని పిలుస్తాడనుకున్నాను. పిలవలేదు. అక్కడి ఆసుపత్రి నుంచి వచ్చిన ఒక ఫొటో పెద్దది చేయించి తెచ్చి గోడకి అంటించాడు. అందులో ఒక ఆడపిల్ల నడక నేర్పే కమ్మీలు పట్టుకుని నిలబడి ఉంది. మా పాప వయసే. కుడిపాదం మాది. వేళ్ళ మధ్య గీతలు నేను దిద్దినవే, నా చెయ్యి నాకు తెలుస్తుంది. ఆ పిల్ల నవ్వుతోంది.

“మీరు ఆపితే ఆగేది యుద్ధం కాదు. ఈ పాప నడక” అన్నాడు.

మొదట లేచింది కెప్టెన్. ఎవరి వైపూ చూడకుండా టకటకమని నడుచుకుంటూ లైను దగ్గరికి వెళ్ళాడు. ఆయన వెనకే మిగతావాళ్ళు. అందరికన్నా ఆఖరున నేను.

జూన్ 3

మేనేజరు అన్నది అబద్ధమైతే బాగుండేది.

ఏ పనిలోనైనా యజమాని మీద కసి తీర్చుకునే దారులుంటాయి. కుట్టుపని అయితే కుట్లు వదులుగా వేయొచ్చు. ఈ పాదం ఒక్క నూలువాసి వంకర పోతే ఆ పిల్ల నడుం జీవితాంతం నొప్పెడుతుంది. ఎప్పటికన్నా నున్నగా చెక్కాను ఇవాళ. మేము ఇలాగే చేస్తామని వాళ్ళకి ముందే తెలుసు. కంపెనీ మీద నాకున్న అనుమానాలన్నిట్లో ఇదే పెద్దది.

ఆగస్టు 14

తమ్ముడు వచ్చేశాడు. కాంట్రాక్టు పూర్తికాకుండానే, చెప్పకుండా గేటు దాటేశాడట. కూరగాయల లారీల్లో, పడవలో, ఎలాగో వచ్చాడు. స్నానం చేసి, పెట్టిందంతా తిన్నాడు. పాపని ఒళ్ళోకి రమ్మన్నాడు. అది గంతులేస్తూ వచ్చేసరికి మొహం తిప్పుకున్నాడు.

పాప పడుకున్నాక, మేనేజర్‌కి చెప్పింది నేనే అక్కా అన్నాడు. తెలుసన్నాను. తెలిసి కూడా పోట్లాడలేదేం అన్నాడు. నీకు ఉద్యోగం కావాలి కదరా అన్నాను. ఆ మాటకి ఏడ్చాడు. తిట్టి ఉంటే ఏడ్చేవాడు కాడేమో.

సెప్టెంబరు 18

పాదాలకి కొత్త రంగు నమూనా వచ్చింది. చిన్న సైజులకే. ఈసారి ఏ దేశానికో చెప్పలేదు. ప్యాకింగ్ అక్క ఊరికే తన చెయ్యి పక్కన పెట్టి చూసింది. తర్వాత నేను. తర్వాత అందరం.

మా ఒంటి రంగుకీ దానికీ కొంచెం కూడా తేడా లేదు.

సాయంత్రం స్కూలుకి నేనే వెళ్ళి పాపని తెచ్చుకున్నాను. మైదానానికి అడ్డంపడి వెళ్దామంది. వద్దని, రోడ్డు మీదే నడిపించాను.