మరక లేని యూనిఫాంలు

తమ్ముడూ,

నూరేళ్లు చల్లగా ఉండు. ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నేను, నీ భార్య, నీ కూతురు, మన లాండ్రీ. నా కుడి మోకాలిని మాత్రం ఇందులోంచి తీసెయ్, దాని దారి దానిది. నువ్వు కూడా బాగున్నావని రాశావు. ఒకే ఉత్తరంలో రెండుసార్లు రాశావు. ఒక్కసారి రాసుంటే నమ్మేదాన్ని. రెండోసారి ఎందుకు రాయాల్సొచ్చిందా అని ఆ రోజంతా ఆలోచిస్తూనే ఉన్నాను. గోడౌన్లో పెట్టెలు మోసే పని నీ ఒంటికి పడదని నాకు తెలీదా? పన్నెండేళ్లు లేత్ మెషీన్ ముందు నిలబడినవాడివి, మోతపని నీకెక్కడ అలవాటు?

నువ్వడిగినవాటికి వరసగా జవాబు చెప్తాను. పాపకి ముందుపళ్లు రెండూ ఊడాయి. రోజుకి పదిసార్లు అద్దంలో చూసుకుని తనే నవ్వుకుంటోంది. నీ భార్యకి దగ్గు తగ్గింది. ఇంటికప్పు కురుస్తున్న చోట రేకు మార్పించాం. వేసినవాడు కొత్త రేకు అన్నాడు. నిచ్చెనెక్కి చూస్తే పాత మేకుల బెజ్జాలు కనిపించాయి. మళ్లీ పిలిచి, దగ్గరుండి మార్పించాను. నువ్వు నన్ను అనుమానప్పక్షి అంటావు. అనుకో. ఆ పక్షి కాపలా ఉండబట్టే నీ పెళ్లాం, పిల్ల తడవకుండా పడుకుంటున్నారు.

ఇక అసలు ప్రశ్న. రెండు ఉత్తరాల్లో అడిగావు, రెండుసార్లూ కంటికి ఆననట్టు దాటేశాను. "పంపుల ఫ్యాక్టరీ సర్కారు సాయంతో మళ్లీ తెరిచారని పేపర్లో చూశాను. నిజమేనా అక్కా? నాకోసం ఎవరైనా వచ్చారా? వచ్చెయ్యమంటావా?" అని. దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. మొదట్నుంచీ చెప్తాను, ఓపిగ్గా చదువు.

తెరిచిన మాట నిజమే. ఐదు నెలలైంది. ఆ రోజు గేటుకి రిబ్బను కట్టారు, కెమెరాలు తెచ్చారు, ఒక పెద్ద ఆఫీసరు మైకులో ఉద్దీపన పథకం అంటూ అరగంట దంచాడు. ఆరు నెలలు సగం జీతాలు సర్కారు ఇస్తుందట. యజమాని గేటు మూయకూడదట, ఎవర్నీ తీసెయ్యకూడదట. పాత పంపు తెచ్చి ఇచ్చి కొత్తది కొనుక్కునేవాళ్లకి కూపన్లు కూడా ఇస్తారట. నేను బట్టల మూటమీద కూర్చుని అంతా విన్నాను. ఒక్క ముక్క ఎక్కలేదు. కాకమ్మ కబుర్లు వినే వయసు నాకు దాటిపోయింది.

పక్కనే నిలబడ్డ బేకరీ బాబాయ్ మాత్రం తెగ మురిసిపోయాడు. "ఆగిపోయిన బండిని నలుగురూ తోస్తేగానీ ఇంజిన్ అందుకోదమ్మాయ్. ఇప్పుడు సర్కారు తోస్తోంది. వాళ్ల చేతిలో జీతం పడితే నా దగ్గర బ్రెడ్డు కొంటారు. నేను నీకు ఇంకో నాలుగు ఏప్రన్లు ఉతకడానికి ఇస్తాను. అంతే" అన్నాడు.

"ఆ తోసే చేతులు ఎవరివి బాబాయ్? మన పన్నులేగా? పైగా ఆరు నెలలకి చెయ్యి తీసేస్తే ఎక్కడికక్కడ ఆగిపోదూ?" అన్నాను.

"ఆగితే ఆగుతుంది. తోయకపోతే ఎలాగూ కదలదు కదా" అన్నాడు. ఆయన మాట తప్పని చెప్పలేకపోయాను, అలాగని ఒప్పుకోబుద్ధీ కాలేదు.

వారం తర్వాత ఫ్యాక్టరీ నుంచి మొదటి మూట వచ్చింది. అరవై జతల యూనిఫాంలు. ఏడాది తర్వాత వచ్చిన మూట కదా, సంబరంగానే విప్పాను. విప్పి ముక్కు మీద వేలేసుకున్నాను. ఒక్కదాని మీద కూడా నూనె మరక లేదు! కాస్త చెమట వాసన, మోకాళ్ల దగ్గర కాస్త దుమ్ము. అంటే లోపల ఊడుస్తున్నారన్నమాట. నాకు పేపరు చదవాల్సిన పని లేదురా. ఈ ఊళ్లో ఎవరి పని ఎలా ఉందో వాళ్ల బట్టలే నాకు చెప్తాయి.

మూట తెచ్చిన స్టోర్ కీపర్‌ని నిలదీశాను. "లోపల పనుందా?"

"ఉందమ్మా."

"ఏం పని?"

నీళ్లు నమిలాడు. "మెషీన్లు తుడుస్తున్నారు."

"నిన్నేం చేశారు?"

"నిన్నా తుడిచారు."

మురికి లేని బట్టలు ఉతికి కూలి పుచ్చుకోవడం నా బతుకులో అదే మొదటిసారి. సిగ్గేసింది. సిగ్గేసినా పుచ్చుకున్నాను. ఉతికే డ్రమ్ము ఖాళీగా తిరగడం కన్నా మేలు అని సర్దిచెప్పుకున్నాను. రెండు నెలలు ఇదే తంతు.

ఆ తర్వాత తనిఖీకి ఆఫీసర్లు వచ్చారు. ఆ వారం మూట విప్పితే బట్టలన్నీ నల్లగా ఉన్నాయి! ఒక్క నిమిషం నిజంగానే పని మొదలైందేమో అనుకున్నాను. దగ్గరగా చూద్దును కదా, అరవై జతలకీ ఛాతీ మీదే మరక. అందరికీ ఒకేలా, అరచెయ్యంత. లేత్ నడిపే టర్నర్ బట్టల మీద నూనె ఎక్కడ పడుతుందో, పన్నెండేళ్లు నీ బట్టలు ఉతికిన నాకు తెలీదా? పొట్ట దగ్గర అడ్డంగా ఒక చార పడుతుంది, కుడి మోచేతి కింద చుక్కలు పడతాయి. ఛాతీ మీద ఎందుకు పడుతుంది? డబ్బాలో చెయ్యి ముంచి వరసగా పూసుకున్నారు. మసిపూసి మారేడుకాయ చెయ్యడమంటే ఏమిటో ఆ రోజు కళ్లారా చూశాను. ఆఫీసర్లు రాసుకుని వెళ్లారు. పేపర్లో ఫొటో పడింది. నువ్వు చూసింది ఆ ఫొటోయే అయ్యుంటుంది.

ఆ సాయంత్రమే ఇంకో సంగతి జరిగింది. దాని గురించి రాద్దామంటే చెయ్యి రావట్లేదు. కాసేపాగి రాస్తాను.

నాకు ఒళ్లు మండడానికి కారణం నీకు తెలుసు. బ్యాంకులు మునిగి అన్నీ మూతపడుతున్నప్పుడు, "ఫ్యాక్టరీ మూసే ప్రసక్తే లేదు" అని మేనేజరు నా కౌంటర్ ముందు నిలబడి చెప్పాడు. నేను నమ్మాను. నువ్వు వేరే ఊళ్లో పని చూసుకుంటానంటే, "తొందరపడకు, ఆయన మాటిచ్చాడు" అని నేనే ఆపాను. నువ్వు నా మాట విని జీతం లేకుండా నాలుగు నెలలు వెళ్లొచ్చావు. ఈలోపు బయట ఉన్న మంచి పనులన్నీ ఎవరికో పోయాయి, నీకు గోడౌన్ మిగిలింది. ఇంకోసారి ఎవరి బుట్టలోనూ పడకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

అదలా ఉంచు. నెలన్నర కిందట ఒక మంగళవారం, డ్రమ్ములో వేసే ముందు ఎప్పట్లాగే జేబులు తిరగేసి అయస్కాంతం తిప్పుతున్నాను. టకటకా ఏవో అంటుకున్నాయి. చూస్తే లేత్ మీద లేచే ఇనుప పొట్టు, ఉంగరాలు తిరిగి ఉంది. నేనేమనుకున్నానో చెప్పనా? "ఓహో, ఈసారి ఇంకాస్త తెలివి మీరారు, పాత చెత్తకుప్పలోంచి తీసి జేబుల్లో వేసుకున్నారు" అనుకున్నాను. ముక్కు దగ్గర పెట్టి చూశాను. తాజాగా కాలిన నూనె వాసన. చొక్కా చేతుల మీద చూశాను. వేడి పొట్టు పడి సన్నసన్న బెజ్జాలు. చొక్కా కాల్చుకుని మరీ ఎవడూ నటించడు కదా!

అయినా నమ్మలేదు. మూడు రోజులు మోకాలు పట్టుకుని గేటు దగ్గర కాపలా కాశాను. బయటికొచ్చే లారీల టైర్లు బరువుకి అణిగి ఉన్నాయా లేదా అని చూశాను. అణిగే ఉన్నాయి. కూపన్లు తీసుకుని జనం నిజంగానే పంపులు కొంటున్నారట. బేకరీ ఏప్రన్లు రెట్టింపయ్యాయి. ఏడాదిగా మొహం చూపించని హోటల్ వాళ్లు టేబుల్ గుడ్డలు పంపారు, వాటి నిండా సూపు మరకలు. పని లేదని పంపించేసిన మన ఇస్త్రీ ఆవిణ్ణి మళ్లీ పిలిచాను. తమ్ముడూ, లోపల పని జరుగుతోంది.

ఇప్పుడు ఆ సాయంత్రం సంగతి.

పూసిన మరకలు పట్టుకున్న రోజే ఫ్యాక్టరీ ఫోర్‌మన్ మనింటికొచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు. "ఆర్డర్లు రాబోతున్నాయమ్మా. పాత టర్నర్లని ముందు పిలుస్తున్నాం. మీవాడి లేత్ ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. అడ్రసిస్తే ఇవాళే ఉత్తరం వేస్తాను" అన్నాడు.

"వాడు రాడు" అన్నాను నేను. అంతటితో ఊరుకున్నానా? అక్కడ నీకు మంచి ఉద్యోగం దొరికిందనీ, జీతం పెరిగిందనీ, భార్యాపిల్లల్ని కూడా తీసుకుపోతున్నావనీ చెప్పాను. నీ భార్య పెరట్లో దుప్పట్లు ఆరేస్తోంది, తనకి వినపడలేదు. ఆయన తలూపి వెళ్లిపోయాడు. నీ లేత్ ముందు ఇప్పుడు వేరే మనిషి నిలబడుతున్నాడు. రెండున్నర నెలల కిందటే నువ్వు ఇంటికి రావాల్సినవాడివి. నా నోటితో నేనే ఆపాను. పప్పులో కాలేశానని నవ్వేసే తప్పు కాదిది, నాకు తెలుసు.

పోయినవారం నీ భార్యకి చెప్పేశాను. అరుస్తుందనుకున్నాను. చేతిలో ఉన్న దుప్పటి ముడతల్లేకుండా ఆరేసి, క్లిప్పులు పెట్టి, లోపలికి వెళ్లిపోయింది. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు పొద్దున టీ నా ముందు పెట్టి, "వదినా, ఆయన నడుముకి బెల్టు కట్టుకుని పెట్టెలు మోస్తున్నారు. రాత్రిళ్లు పక్కకి తిరగలేకపోతున్నారట. మీకు తెలియనివ్వద్దని నాకు రాశారు" అంది. నా తల కొట్టేసినట్టయింది. ఆ టీ తాగలేకపోయాను.

అటునుంచి అటే ఫోర్‌మన్ దగ్గరికి వెళ్లాను. ఉన్నదున్నట్టు చెప్పాను. తిడతాడనుకుంటే, స్టూలు మీద కూలబడి ముఖం తుడుచుకున్నాడు.

"మీరొక్కరే కాదమ్మా. పదిహేను ఇళ్లకి వెళ్లాను. పదకొండు ఇళ్లల్లో ఇదే మాట. మావాడు రాడు, మావాడు రాడు. పని తెలిసిన చేతులు లేక ఒక పెద్ద ఆర్డరు వెనక్కి పంపాం. సర్కారు డబ్బయితే ఇచ్చింది. నమ్మకం కూడా అదే పంపిస్తుందా?"

"నమ్మకం గురించి మీరు చెప్తున్నారా? ఛాతీలకి నూనె పూయించిందెవరు?" అని అడిగేశాను.

"నేనే" అన్నాడు. "అప్పటికి ఆర్డర్లు మాట వరకే ఉన్నాయి, కాగితం రాలేదు. ఖాళీ చేతులు చూస్తే ఆఫీసర్లు సాయం ఆపేసేవారు. ఆ ఒక్క నెల గట్టెక్కాలని పూయించాను."

"అది చూసే నేను వాడు రాడని చెప్పాను" అన్నాను.

చివరికి ఆయన చెప్పిందేమిటంటే, వచ్చే పదో తారీఖు నుంచి రెండో షిఫ్టు మొదలుపెడుతున్నారు. పాత లేత్ ఒకటి బాగుచేయించారు. అది నీకోసం పదో తారీఖు దాకా ఉంచుతానన్నాడు. సర్కారు సాయం వచ్చే నెలాఖరుకి ఆగిపోతుంది. ఆ తర్వాత ఫ్యాక్టరీ సొంతకాళ్ల మీద నిలబడుతుందా అని అడిగితే, "నిలబడాలి" అన్నాడు. "నిలబడుతుంది" అనలేదు. నేను గమనించాను. నీ భార్య అదంతా విని, ఎవరినో అడిగి తెలుసుకునే కన్నా చూస్తే పోలా అని, సోమవారం నుంచి ప్యాకింగ్ సెక్షన్లో చేరింది. నన్ను అడగలేదు. చేరాక చెప్పింది.

ఒకసారి నా మాట విని ఉండిపోయి నష్టపోయావు. ఇంకోసారి నేనన్న మాటకి, నీకు తెలియకుండానే రాకుండా పోయావు. నిన్ను చూడాలని ఉంది, నిన్ను చూడ్డానికి ముఖం చెల్లట్లేదు. మూడోసారి మాత్రం నన్ను అడక్కు. నీ భార్యనడుగు, ఫ్యాక్టరీ లోపల ఏం జరుగుతోందో తనకి తెలుసు.

తను నీకు రాసిన ఉత్తరం ఇదే కవర్లో పెడుతున్నాను. రమ్మని రాసిందో, వద్దని రాసిందో, నన్ను తిట్టిందో నాకు తెలీదు. అంటించి ఇచ్చింది. వెలుతురుకి ఎత్తి చూడలేదు. పాప మీద ఒట్టు, చూడలేదు.

ఇట్లు,
నువ్వు చెప్పకుండానే నీ బదులు జవాబు చెప్పిన
మీ అక్క