కహమార్కాలో రెండు రోజులు

మే 6, సోమవారం

ఎలాదియో ఇవాళ భోజనం మధ్యలో చెంచా పక్కన పెట్టి, కహమార్కా వెళ్దామన్నాడు. శుక్రవారం బయల్దేరి సోమవారం తిరిగొద్దామట. తన చెల్లెలి ఇంట్లో కాదట, హోటల్లో దిగుదామట, టూరిస్టుల్లాగా. వేడినీళ్ల స్నానాలకి వెళ్దామట. ఆ ఊళ్లో పుట్టి పెరిగిన వాళ్లం ఆ ఊళ్లోనే హోటల్లో దిగడమేమిటని నవ్వాను. తను నవ్వలేదు.

ఇరవై ఆరేళ్ల కాపురంలో ఈ మనిషి నన్ను ఏదీ అడిగి ఎరగడు. రాయి చెక్కడమే లోకం. ఫౌంటెన్లు, దేవదూతలు, గుమ్మాలకి సింహాలు. ఆ రాతిపొడే ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. కొండ మీద గాలి చాలదు, సముద్రం పక్కకి దిగిపొమ్మని డాక్టర్లు చెబితే మూడేళ్ల కింద త్రుహీయో వచ్చి పడ్డాం. మళ్లీ పైకి వెళ్లలేదు.

చూద్దాంలే అన్నాను.

మే 8, బుధవారం

తనని బయట కూర్చోబెట్టి నేనొక్కదాన్నే డాక్టర్ గదిలోకి వెళ్లాను. చిన్న వయసు పిల్ల. వేలికి మిషన్ పెడితే ఆక్సిజన్ ఇక్కడే 88 చూపిస్తోంది, అక్కడ ఎనభై లోపుకి పడిపోతుంది అంది. పైగా ఊరు చేరేముందు బస్సు ఇంకా ఎత్తయిన కనుమ దాటాలి. సిలిండర్ పట్టుకెళ్తామన్నాను. తల అడ్డంగా ఊపింది.

వెళ్లకుండా ఇక్కడే ఉంటే ఎన్నాళ్లు అని అడిగాను. ఎందుకు అడిగానో. రిపోర్టు వంక చూస్తూ, ఈ ఏడాది గడిస్తే గొప్పేనమ్మా అంది.

బయటికొచ్చి, ఆలోచించి చెబుతానన్నారని చెప్పాను. ఇది మొదటి అబద్ధం.

మే 11, శనివారం

ఎలాదియో కాగితం మీద ప్లాన్ వేస్తున్నాడు. పొద్దుటి బస్సే ఎక్కాలట, దారంతా చూడాలట. కుడివైపు సీట్లే కావాలట. ఒక హోటల్‌కి ఫోన్ చేసి గది వరకు మెట్లెన్ని అని అడిగాడు. తొమ్మిది అన్నారు. వద్దన్నాడు. ఇంకో చోట రెండే. ముక్కుకి ట్యూబ్ ఉన్న మనిషిని వేడినీళ్ల తొట్టిలో దిగనిస్తారా అని స్నానాల వాళ్లని అడిగాడు. వాళ్లు ఎవర్నో అడుగుతామని చెప్పి ఫోన్ పెట్టేశారు.

శనివారం పొద్దున మార్కెట్లో ఆకుపచ్చ సూప్. మధ్యాహ్నం స్నానాలు. ఆదివారం ఎదుట ఏమీ రాయలేదు. ఇక్కడేమిటి అని అడిగితే, ఆదివారం ఊరికే ఉంటాం అన్నాడు. రెండు మాటలకి ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. మొహం మాత్రం పెళ్లికొడుకు మొహంలా ఉంది.

మే 13, సోమవారం

ఆడపడుచు ఓల్గాకి ఫోన్ చేశాను. మొదట తీసుకురా వదినా అంది. తర్వాత వద్దంది. తర్వాత ఏడ్చింది. ఏడుస్తూనే, అన్నయ్య ఇక్కడ పోతే నేను తట్టుకోలేనని చెప్పింది. అక్కడ పోతే నేను తట్టుకోగలనని ఎవరన్నారు?

మే 15

86.

మే 17, శుక్రవారం

టికెట్లు కొన్నాను. వచ్చే శుక్రవారానికి, కుడివైపు సీట్లు. నాకు నేనే అర్థం కావడం లేదు.

తను ఎదురింటి వాళ్ల చేత స్నానానికి నిక్కరు తెప్పించుకున్నాడు. నారింజ రంగు, మీద చిలకలు. ప్యాంటు మీదే తొడుక్కుని నిలబడి, "ఎట్లా ఉన్నానే?" అన్నాడు. బజార్లో అమ్మే బొమ్మలా ఉన్నావన్నాను. నవ్వబోయి దగ్గు తెచ్చుకున్నాడు. అది ఆగేసరికి అన్నం చల్లారిపోయింది. నడుము దగ్గర నిక్కరు జారిపోతోంది. దాన్ని కుట్టి బిగించాను. రెండు వేళ్ల మేర అనుకున్నాను, నాలుగు వేళ్లు పట్టింది.

మే 20, సోమవారం

చిన్న సిలిండర్ నాలుగు గంటలు వస్తుంది. ప్రయాణం ఆరు గంటలు. రెండు కావాలి. డాక్టర్ లెటర్ లేనిదే సిలిండర్ బస్సులోకి ఎక్కించం అన్నారు. డాక్టర్ ఇవ్వనంది. ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చు. మార్కెట్ వెనక ఒకాయన ఉన్నాడు, అడిగినవాళ్లకల్లా రాసిస్తాడు. ఆ వీధి మలుపు దాకా వెళ్లాను. వెనక్కి తిరిగొచ్చాను.

మే 22, బుధవారం. మధ్యాహ్నం 3

టికెట్లు వాపసు ఇచ్చేశాను.

చిలేతే దగ్గర కొండచరియలు విరిగి దారి మూసుకుపోయింది, బస్సులు ఆపేశారు అని చెప్పాను. దారి పొడవునా ఆలోచించి తయారుచేసిన అబద్ధం. "మే నెలలోనా?" అన్నాడు. వానలు ఆగిపోయి ఎప్పుడో నెల దాటింది. ఆ సంగతే నాకు తట్టలేదు. ఏమో, అక్కడ అట్లా చెప్పారు అన్నాను.

కాసేపు నా మొహం చూశాడు. అవున్లే, అక్కడి మట్టిని నమ్మలేం అన్నాడు. ప్లాన్ రాసుకున్న కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఎప్పుడు తెరుస్తారు అని మాత్రం అడగలేదు. అడిగితే బాగుండేది.

మే 24, శుక్రవారం

పొద్దున్నే లేచి గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు.

తొమ్మిదింటికి, బస్సు ఈపాటికి పకస్మాయో చేరి ఉంటుంది అన్నాడు. గంట తర్వాత, రిజర్వాయర్ అన్నాడు. నీళ్లు ఏ రంగులో ఉంటాయో చెప్పాడు. పదకొండింటికి చిలేతే పేరు ఎత్తకుండా, "ఇక్కడ పళ్లు కొనుక్కోవచ్చు, బస్సు ఆపుతాడు" అన్నాడు. మధ్యాహ్నం గవిలాన్ కనుమ దగ్గర మాట్లాడటం ఆపేసి కళ్లు మూసుకున్నాడు. అప్పటికి నేను వంటింట్లో గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను.

సాయంత్రం పెద్ద తొట్టిలో నీళ్లు కాచి పోసి, ఉప్పు వేసి, కాళ్లు పెట్టుకోమన్నాను.

"వద్దు తర్సీ. ఇది అది కాదు."

కోపంగా అనలేదు. నీళ్లు పారబోశాను.

మే 26, ఆదివారం. ఆసుపత్రి

నిన్న పొద్దున 79. సముద్రం పక్కన, మా ఇంట్లో, మా మంచం మీద. కొండెక్కితే ఏ అంకె వస్తుందని నన్ను భయపెట్టారో అది కొండ దిగి మా ఇంటికే వచ్చింది.

మాస్కు పెట్టారు. ఇవాళ కొంచెం తెరిపిన పడ్డట్టు కనిపిస్తే ఇక ఉండబట్టలేక చెప్పేశాను. కొండచరియలేం పడలేదు, నేనే టికెట్లు ఇచ్చేశాను అన్నాను.

మాస్కు పక్కకి లాగాడు. "తెలుసు. గురువారమే బస్సు ఆఫీసుకి ఫోన్ చేశా. సీట్లున్నాయన్నారు."

"మరి వెళ్లాల్సింది. నన్ను తిట్టి అయినా వెళ్లాల్సింది."

"ఒక్కణ్ణే వెళ్లి ఏం చేసేది?"

నర్సు వచ్చి మాస్కు సరిచేసి, మాట్లాడించొద్దని నన్ను కోప్పడింది.

మే 30, గురువారం

ఉదయం 10.20.

జూన్ 1, శనివారం. కహమార్కా

అన్నయ్యని మా ఊళ్లోనే పెట్టుకుంటానని ఓల్గా పట్టుపట్టింది. సరే అన్నాను. నిన్న పొద్దున బండి త్రుహీయోలో బయల్దేరింది. నేను డ్రైవర్ పక్కన కూర్చున్నాను. వెనక తను. డాక్టర్ లెటర్ ఎవరూ అడగలేదు. సిలిండర్ సంగతి ఎవరూ ఎత్తలేదు. దారి శుభ్రంగా ఉంది. చిలేతే దగ్గర రోడ్డు మీద ఒక్క గులకరాయి లేదు. కనుమ మీద డ్రైవర్ బండి ఆపి, దిగి సిగరెట్ కాల్చుకున్నాడు. అంత ఎత్తులో ఎంతసేపు ఆగినా మాకేం కాలేదు.

ఇవాళ పూడ్చాం. తనతో కలిసి రాళ్లు చెక్కిన ముసలాళ్లు నలుగురు వచ్చారు. నలుగురూ దగ్గుతూనే ఉన్నారు.

జూన్ 2, ఆదివారం

తల పగిలిపోతోంది. ఎత్తు పడలేదు, అలవాటు తప్పింది కదా అని ఓల్గా కోకా ఆకుల టీ ఇచ్చింది. గంటలో తగ్గిపోయింది.

తగ్గినందుకు ఏడ్చాను.