మెరుపు పూత చట్టి

1962 మార్చి, బుధవారం రాత్రి

ఇంటి వెనక చిన్న ఆవం కట్టుకుని చట్లు కాల్చడం నాకు నేర్పింది మా చర్చి డానియేలన్నే. పైన మెరుపు పూత వేయడమూ ఆయనే నేర్పినాడు. మొదటి చట్టి చేతికొచ్చిన రోజే అడిగినాను, "ఇందులో పులుపు వండొచ్చా అన్నా?" అని. "నిక్షేపంగా వండుకో చెల్లెమ్మా" అన్నాడు.

ఈరోజు వాళ్ళింటికి పోతే వదిన పూత లేని ఉత్త మట్టిచట్టిలో చేపల పులుసు కాస్తా ఉంది. ఎందుకని అడిగినాను.

"ఆ పూతలో సీసం ఉందంట గదా. పులుపు తగిలితే కూరలోకి దిగుతాదని మీ అన్న మా ఇంట్లో ఆ చట్లు ముట్టనీడు. నీకు చెప్పలేదా?"

ఇంటికొచ్చి నా చట్టిని గోడకేసి కొట్టినాను. పగిలింది గానీ కోపం తీరలా. పూత పొడి అమ్మేది ఆయనే. నిజం చెబితే కొననని కాబోలు...

పాప నిద్రపోతా ఉంది. ఊరికే దాని పొట్ట నిమిరి చూసినాను.

ఇప్పుడు గుర్తొస్తా ఉంది. మా ఇంట్లో ఎప్పుడు పులుసు వడ్డించబోయినా "నాకు మజ్జిగన్నం చాలు చెల్లెమ్మా" అనేవాడు. మొహమాటం అనుకున్నాను. ఎదురుగా మా పాప వేళ్ళు నాకతా పులుసన్నం తింటా ఉంటే, చూస్తానే కూర్చున్నాడు.