దుప్పట్ల గదికి తాళం

బంగారు తల్లి స్రవ్యకు,

అమ్మ ఆశీస్సులు. ప్రభువు కృపవల్ల ఇక్కడ క్షేమం. అక్కడ నువ్వూ, నీతో శిక్షణలో ఉన్న పిల్లలూ, మదర్ గారూ బాగున్నారని తలుస్తాను. కాన్వెంటులో ఫోను ముట్టనివ్వరు కాబట్టి నీ ఉత్తరాన్నే మళ్లీ మళ్లీ చదువుకుంటున్నాను.

మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగావు. చలి తగ్గింది, అదీ తగ్గింది. పిల్లి ఈనిందా అని అడిగావు. ఈనింది. పిల్లల్ని మీ నాన్న కుర్చీ కింద పెట్టుకుంది. ఆయన పోయాక ఆ కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు కనుక నేనూ కదిలించలేదు.

"ఆసుపత్రిలో సంగతులు నీకు చెబుతున్నారా? మూలన కూర్చోకు, అడిగి తెలుసుకో" అని రాశావు. అన్నీ చెబుతున్నారని పోయిన ఉత్తరంలో రాశాను. అది నిజం కాదమ్మా.

మా దుప్పట్ల గదిలో ఇదివరకు ఏ సంగతైనా మడతల దగ్గరే తెలిసేది. ఒక కొస స్వరూప పట్టుకుంటే ఇంకో కొస నేను. మడతలు పడేలోపు ఎవరికి డ్యూటీ మారిందో, ఎవరింట్లో లొల్లి అయిందో అన్నీ మాట్లాడుకునేవాళ్లం. తర్వాత ఫోనులో గ్రూపు పెట్టారు. నేను పొద్దున్నే అందులో ఒక బైబిలు వాక్యం, ఒక పువ్వు బొమ్మ పంపేదాన్ని. ఒకరోజు సూపర్‌వైజర్ అమరనాథ్ గారు అందరి ముందూ, "కళావతమ్మా, గ్రూపు డ్యూటీ కోసం. చర్చి గాదు" అన్నారు. స్వరూప నవ్వింది.

ఆ సాయంత్రం నేనే గ్రూపులోంచి బయటికి వచ్చేశాను. కోపం కాదు, సిగ్గు. ఒక్కరైనా "ఏమైంది" అంటారనుకున్నాను. ఎవరూ అనలేదు. ఆ తర్వాత అందరూ ఫోనులో చూసినదాని గురించే మాట్లాడుకునేవారు. మలక్‌పేట అనే మాట ఒకటి రెండుసార్లు విన్నాను. ఎవరికో అటు డ్యూటీ పడిందనుకున్నాను. అడగలేదు.

సోమవారం వెళ్లేసరికి గదికి తాళం. వాచ్‌మన్ అంజన్న టీ తాగుతున్నాడు.

"ఏందమ్మా, గిటొచ్చినవ్? నిన్ననే మీ గది సామానంతా మలక్‌పేట కొత్త బిల్డింగ్‌కు పాయె. గ్రూపుల పెట్టిండ్రు గదా. నీకెరుక లేదా?"

"ఎరుకే అన్నా. డబ్బా మర్చిపోయిన, తీస్కపోదామని వచ్చిన."

అన్నం డబ్బా నా చేతిలోనే ఉంది. ఆయన దాన్ని చూసి తల తిప్పుకున్నాడు.

ఇంటికి వెళ్తే ఇరుగుపొరుగు అడుగుతారని ఓపీ బెంచీ మీద రోగుల మధ్య కూర్చున్నాను. అక్కడే తిన్నాను. డ్యూటీ దిగే వేళకు ఇల్లు చేరాను. మంగళవారం కూడా అదే చేశాను, తల్లీ. ఈ పని పోతే అద్దె ఒక్కటే కాదు, నన్ను అక్కా అని పిలిచే చోటు కూడా పోతుంది. నిన్న ధైర్యం చేసి స్వరూపకు ఫోన్ చేశాను.

"నువ్వే పోతివి గదక్కా. మామీద కోపమొచ్చిందనుకున్నం. కొత్త జాగకు ఎవరెవరొస్తరో చెప్పుమని సార్ గ్రూపుల అడిగిండు. నువ్వు చెప్పకపోతే పని ఇడిసిపెట్టినవనుకుండు."

"ఇడువలేదే. నాకెవరు చెప్పిండ్రు?"

"ఆ దినం నేను గట్ల నవ్వకుంటే మంచిగుండు" అంది స్వరూప.

సార్‌ను అడిగి నన్ను మళ్లీ గ్రూపులో చేర్పించింది. ఈ పొద్దున అలవాటుగా వాక్యం రాసి, చెరిపేశాను. "నేను పనికి వస్తాను సార్. ఎన్ని గంటలకు రావాలి?" అని పెట్టాను. అందరూ చూసినట్టు గుర్తు పడింది. ఎవరూ పలకలేదు. ఊరికే ఫోను చూస్తూ కూర్చోలేక నీకు ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఇప్పుడే స్వరూప నుంచి మెసేజ్ వచ్చింది. గ్రూపులో కాదు, నా ఒక్కదానికే. "సార్ ఒప్పుకుండు. రేపు ఎనిమిదికి రా అక్కా. వాక్యం నాకొక్కదానికే పంపు."

పంపాను. పువ్వు కూడా పెట్టాను.

ఇట్లు,
నీ కోసం రోజూ మోకరించే అమ్మ,
కళావతి