కాలమ్ పట్టుకోని ప్రోటీన్

మార్చి 4, సోమవారం

ఆరు వారాల పని. ప్రోటీన్‌ను శుద్ధి చేసే కాలమ్‌లోంచి ఒక్క పీక్ లేవలేదు. గ్రాఫ్ చాపలా పడుకుంది. మా డైరెక్టర్ క్షణం ఆలోచించలేదు. ఆ కాంట్రాక్టు అమ్మాయే బఫర్ ద్రావణం తప్పు కలిపి ఉంటుంది, శుక్రవారంతో పంపించెయ్యండి అన్నాడు. తప్పు ఎప్పుడూ కిందికే జారుతుందేం, అదేమన్నా నీళ్ళా అని అడిగాను. పర్మనెంటు వాళ్ళ చేతులకు అంటదా అన్నాను. కారిడార్‌లోకి వినబడేలా అన్నాను.

మార్చి 5

పత్రికకు వ్యాసం: ‘ప్రయోగశాల దొరలు’. ఆగకుండా మూడు పేజీలు. మా ఆవిడ చదివి, ఇంతకీ ఆ పిల్ల ఏమంటోంది అని అడిగింది.

నేను అడగనేలేదు.

మార్చి 6, ఉదయం 10

అడిగాను. ప్రోటీన్ ముద్దకట్టకుండా ఆర్జినిన్ వెయ్యమంది మీరే కద సార్ అంది. ఉప్పు ఎక్కువైందేమో, మీటర్ పెట్టి కండక్టివిటీ చూడనా అని కూడా అడిగిందట. నేను ఫోన్లో ఉండి, అక్కర్లేదని చెయ్యి ఊపానట.

ఏ ఫోను? కాంట్రాక్టు ఉద్యోగుల హక్కుల సభ గురించి.

10.40

ఆర్జినిన్ హైడ్రోక్లోరైడ్ కూడా ఉప్పే. మేలు చేసే ఉప్పు. అంత వేస్తే కాలమ్‌లో కుర్చీలన్నీ అదే ఆక్రమిస్తుంది, ప్రోటీన్ కూర్చోకుండా కారిపోతుంది. ఏటా పాఠం చెబుతాను. సిగ్గుండాలి.

కారిపోయినదాన్ని నేనైతే పారబోసేవాణ్ణి. ప్రోటీన్ ఎందులో ఉందో జెల్ మీద చూసేదాకా ఆమె ఏదీ పారబొయ్యదట. కోల్డ్ రూమ్ కింది అరలో లీటరు సీసా, తేదీతో సహా.

మార్చి 7

ఉప్పు తగ్గాలంటే పదింతలు పలచన చెయ్యాలి. చేస్తే ఆర్జినిన్ కూడా తగ్గి, ప్రోటీన్ పాలు విరిగినట్టు విరగొచ్చు. కొంచెం కొంచెం కలిపి, చల్లగానే కాలమ్‌కి ఎక్కించేద్దాం సార్ అంది. మీటర్ ఆమె పట్టుకుంది. నేను గదంతా తిరిగాను. కూర్చోండి సార్, మీరు తిరిగితే ప్రోటీన్‌కి కళ్ళు తిరుగుతాయి అంది.

మూడింటికి పీక్ లేచింది.

సాయంత్రం

డైరెక్టర్ భుజం తట్టాడు. దొరికింది కదా, రికార్డులో ఆపరేటర్ పొరపాటని రాసేద్దాం, మధ్యలో మీ పేరెందుకు అన్నాడు. అంటే ఆమె పోవడం ఖాయమే. మైకు అక్కర్లేని గొంతని పేరు నాకు. రికార్డు పుస్తకం తీసుకుని బయటికొచ్చేశాను.

మార్చి 8, శుక్రవారం, ఉదయం 8

వ్యాసం చింపేశాను. రికార్డులో ‘కారణం’ గడిలో రాశాను: మీటర్ చూడొద్దని చెయ్యి ఊపింది నేను. పారబొయ్యకుండా సీసా దాచిపెట్టింది ఆమె.

సంతకం పెట్టాను. డైరెక్టర్ గది తలుపు ఇంకా తియ్యలేదు. ఫోను స్విచాఫ్ చేసి, రికార్డు పట్టుకుని ఆ తలుపు ముందు నిలబడ్డాను.